మా బాబాయి కొలిచిన దర్బారు

మా బాబాయి కొలవనిదే దేన్నీ నమ్మడు. ఆయన గురించి చెప్పాల్సిన మొదటి మాట ఇదే. ముప్ఫై మూడేళ్ళు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసినవాడు. ఆయన స్కూటరు బజారు మలుపు తిరిగిందంటే చాలు, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా త్రాసులన్నీ వాటంతటవే నిజం చెప్పడం మొదలుపెట్టేవి. ఉద్యోగం సాయంత్రం ఐదింటికి అయిపోయేది గానీ ఆ బుద్ధి మాత్రం ఇంటికొచ్చాక కూడా డ్యూటీ దిగేది కాదు.

నేను పుట్టినప్పుడు ఆస్పత్రివాళ్ళు మూడు కిలోల రెండు వందల గ్రాములని రాశారట. బాబాయి ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏ త్రాసమ్మా? దానికి తనిఖీ ముద్ర ఎప్పుడు వేయించారు?" అని నర్సును నిలదీశాడు. ఆవిడ బిక్కమొహం వేసింది. ఈయన వెళ్ళి ఆఫీసు త్రాసు మోసుకొచ్చి నన్ను మళ్ళీ తూచాడు. మూడు కిలోల నూట ఎనభై. "చూశావా అన్నయ్యా, ఇరవై గ్రాములు తేడా!" అని అక్కడికక్కడే నోటీసు రాయబోతుంటే, "ఒరేయ్, నీకు దణ్ణం పెడతాను, పిల్ల బాగానే ఉందిరా," అని మా నాన్న బతిమాలుకున్నాడు. ఆ ఇరవై గ్రాములూ ఏమైపోయాయని బాబాయి ఇప్పటికీ నన్ను ఎగాదిగా చూస్తుంటాడు.

పెళ్ళయిన మర్నాడు పిన్నిని గోడకు ఆనించి నిలబెట్టి, తలమీద స్కేలు పెట్టి పెన్సిలుతో గీత గీశాడట. "మీవాళ్ళు అర అంగుళం ఎక్కువ చెప్పారు," అన్నాడట. "మీవాళ్ళు మీకు బుద్ధుందని చెప్పారు. రెండిళ్ళూ సమానమే, పదండి," అందట పిన్ని. ఆ గీత ఇంకా గోడమీదే ఉంది. సున్నం వేసినప్పుడల్లా బాబాయి దాన్ని తప్పించి వేయిస్తాడు.

పిన్ని బళ్ళో డ్రిల్లు టీచరు. మెడలో ఈల, నిటారుగా నడుము. ఆవిడ నడుస్తుంటే మేం వెనక పరుగెత్తేవాళ్ళం. నోరు కూడా ఆ నడకకు తగ్గట్టే. ఆవిడ తిడుతోందంటే ఒంట్లో బాగున్నట్టు, తిట్టలేదంటే డాక్టర్ని పిలవాలన్నట్టు. మా ఇంట్లో థర్మామీటరు కన్నా దీన్నే ఎక్కువ నమ్ముతాం.

బాబాయి రిటైరయ్యాడు. రిటైరయ్యాక కొలవడానికి ఏమీ మిగల్లేదు. చక్కెర డబ్బా తూచాడు. సబ్బుబిళ్ళ తూచి, వారం వాడాక మళ్ళీ తూచాడు. ఇంట్లో కిటికీలన్నీ కొలిచి, ఒకటి పావంగుళం వంకరగా ఉందని కనిపెట్టి, ఆ పూటంతా దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "ఆయనకి జబ్బేం లేదే. పని లేదు, అంతే. దానికి మందెక్కడ దొరుకుతుంది?" అని పిన్ని నాతో గొంతు తగ్గించి అంది. ఆవిడ గొంతు తగ్గించగలదని నాకు అప్పుడే తెలిసింది.

గోరుచుట్టు మీద రోకలిపోటన్నట్టు, ఆ మరుసటి నెలలోనే పిన్ని బడి మెట్ల మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేసి లోపల కడ్డీ వేశారు. "ఎముక అతుక్కుంటుంది. కానీ రోజూ నడవాలి. మూడు నెలల్లో నడక పట్టకపోతే ఆ కాలు ఇక ఎప్పటికీ బిగుసుకుపోయే ఉంటుంది," అని డాక్టరు తేల్చి చెప్పాడు.

పిన్ని నడవలేదు. నొప్పి ఉంది, కాదనను. కానీ అసలు అడ్డం పొగరే. "కర్ర పట్టుకుని, వంగిపోయి, చీమలా అడుగులేస్తూ... నన్నలా ఎవడూ చూడక్కర్లేదు. అయ్యో పాపం అనిపించుకోవడం నావల్ల కాదు," అంది. వ్యాయామాలు చేయించడానికి ఆస్పత్రి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. "నడక నేర్పడానికొచ్చావా తల్లీ? నాలుగు వేలమంది పిల్లలకి నేర్పాను నేను," అని రెండు రోజుల్లో సాగనంపేసింది. తర్వాత కిటికీ పక్కన కుర్చీలో కూర్చుండిపోయింది. నాలుగో రోజు నుంచి తిట్టడం కూడా మానేసింది. అప్పుడు మాకందరికీ నిజంగా భయం వేసింది.

సరిగ్గా అప్పుడు మా బాబాయి నవల రాస్తానన్నాడు!

"ఏం నవలరా?" అన్నాడు మా నాన్న.

"వెయ్యేళ్ళ కిందటి సుల్తాను దర్బారు. వజీరు, ఖాజీ, ఆస్థానకవి, ఎగిరే తివాచీ. ఒక జిన్ను కూడా ఉంటాడు."

"ఇంట్లో మనిషి అలా కూర్చుంటే నీకు జిన్నులు కావాల్సొచ్చారా? సిగ్గుండాలి!"

నేనూ నాలుగు తగిలించాను. ఇప్పుడు తల్చుకుంటే నాలిక కరుచుకోవాలనిపిస్తుంది. ఆ రోజు మాత్రం బాగానే తగిలించాను.

బాబాయి ఎవరి మాటా పట్టించుకోలేదు. ఆ కాలపు కొలువుల్లో ముహ్తసిబ్ అని ఒక అధికారి ఉండేవాడట. బజారులో తూకాలూ కొలతలూ తనిఖీ చేయడం ఆయన పని. ఈ సంగతి ఏదో చరిత్ర పుస్తకంలో చదివిన రోజున బాబాయి ఛాతీ రెండంగుళాలు పెరిగింది అన్నాను నేను. కొలుచుకుని, ఒకటిన్నర అన్నాడు. "వెయ్యేళ్ళ నాటి ఉద్యోగమే మనది! సుల్తాను కూడా వాళ్ళని చూసి సర్దుకుని కూర్చునేవాడు!" అని వీధిలో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. ఆయన నవలలో హీరో కూడా ముహ్తసిబే. అత్తరు సీసాలోంచి బయటికొచ్చిన జిన్ను "నీకు గంపెడు బంగారం ఇస్తాను" అంటే, "ఏ గంప? ముద్ర ఉందా?" అని నోటీసిస్తాడు.

నవల రాయడానికి బాబాయి పెట్టుకున్న నియమం ఒక్కటే. కొలిచి చూడనిదే ఒక్క వాక్యం కూడా రాయడు.

"జిన్నులుండే కథకి కొలతలేంటి బాబాయ్?" అన్నాను.

"జిన్ను అబద్ధమైతే కావచ్చు. జిన్ను కూర్చున్న కుర్చీ అబద్ధం కాకూడదు."

మొదటి అధ్యాయంలో ఒక గూఢచారిణి తివాచీలో దాక్కుని అంతఃపురంలోకి వస్తుంది. ఎంతసేపు ఊపిరాడుతుందో కొలవాలి కదా! హాల్లో తివాచీ పరిచి, నన్ను పడుకోబెట్టి, చాపలా చుట్టేశాడు. పక్కన గడియారం పట్టుకుని కూర్చున్నాడు. ఇంతలో కుళాయి బాగుచేయడానికి మనిషి వచ్చాడు. గుమ్మంలోకి అడుగుపెట్టగానే అతనికి కనిపించింది, చుట్టిన తివాచీలోంచి బయటికొచ్చిన రెండు కాళ్ళు.

"అయ్యగారూ... అదీ..."

"ఏం లేదు బాబూ. మా అన్నయ్య కూతురు. ఇంకో తొమ్మిది నిమిషాలు పడుతుంది, నువ్వు కుళాయి చూసుకో."

"బాబాయ్, ఊపిరాడట్లేదు!" అని లోపల్నుంచి అరిచాను.

"అరవగలుగుతున్నావంటే ఆడుతున్నట్టే," అని అదీ రాసుకున్నాడు. ఇరవై రెండు నిమిషాలు! ఆ కుళాయి ఇప్పటికీ కారుతూనే ఉంది. అతను మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

సుల్తాను కవికి జరీ అంగీ కప్పి సత్కరిస్తాడు, ఆ బరువు మోస్తూ కవి పొగడాలి. మా నాన్నకు మండుటెండలో మూడు దుప్పట్లు కప్పి నిలబెట్టాడు. పదకొండో నిమిషంలో, "సుల్తానూ లేడు, గిల్తానూ లేడు, పోరా!" అని మా నాన్న దుప్పట్లు విసిరికొట్టాడు. నవలలో కవి పొగడ్త సరిగ్గా పదకొండో నిమిషంలో ఎందుకు ఆగిపోతుందో ఏ విమర్శకుడికైనా సందేహం వస్తే, కారణం మా నాన్న.

ఇక తివాచీ ఎగిరే ఘట్టం. అదే తివాచీ మంచం మీద పరిచి, నన్నూ నాన్ననీ ఎక్కించి, తనూ ఎక్కి, మధ్యలో టీ కెటిలు పెట్టాడు. "ఎగరడం జిన్ను పని. జారిపడకుండా కూర్చోవడం మన పని. సర్దుకోండి," అన్నాడు. కిటికీ పక్కన కూర్చున్న పిన్ని ఇదంతా చూస్తూనే ఉంది. ఏమీ అనలేదు. అనకపోవడం చూసి మేం ముగ్గురం నోరుమూసుకుని కిందికి దిగాం.

తర్వాత రాయబారి వచ్చింది. సముద్రం అవతలి రాణి పంపిన రాయబారి, ఆడమనిషి, దర్బారు గుమ్మం దగ్గర్నుంచి సింహాసనం దాకా నడిచి రావాలి. బాబాయి తలకు తువ్వాలు చుట్టుకుని భోజనాల బల్ల దగ్గర సుల్తానుగా కూర్చున్నాడు. పిన్ని కుర్చీ పక్కనే గుమ్మం అన్నాడు. నన్ను నడవమన్నాడు. నడిచాను.

"ఛ, ఛ. బస్సు పట్టుకోవడానికి పోతున్నట్టుంది. మళ్ళీ."

మళ్ళీ నడిచాను. ఆరుసార్లు నడిపించాడు. ప్రతిసారీ ఏదో వంక. ఏడోసారి కిటికీ దగ్గర్నుంచి గొంతు లేచింది.

"అదేం నడకే? ఆ భుజాలేంటి, తడిసిన గోనెసంచిలా! గడ్డం పైకెత్తు! రాజుగారి దగ్గరికెళ్తూ నేలకేసి చూస్తావా?"

పది రోజుల తర్వాత ఆవిడ తిట్టిన మొదటి తిట్టు అది, నాకు పడింది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

"కూర్చుని చెప్పడం కాదు. చేతనైతే చూపించు," అన్నాడు బాబాయి, కాగితం మీంచి తలెత్తకుండా.

"నా కాలు చూస్తూ ఆ మాటెలా వచ్చిందండీ మీకు?"

"రాయబారి కాలికీ దెబ్బే. ఎడారిలో ఒంటె మీంచి పడింది. నిన్న రాశానుగా."

"కర్రతో వెళ్తుందా సుల్తాను ముందుకి?"

"కర్రేంటి? రాజదండం." బల్ల కింద నుంచి ఆస్పత్రి కర్ర తీశాడు. దానికి పైనుంచి కిందిదాకా బంగారు కాగితం చుట్టి ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ మనిషి తన పిచ్చి నవల కోసం ఆవిణ్ణి కూడా వదలడం లేదే అనుకున్నాను. ఏదో అనబోయాను కూడా. ఇంతలో పిన్ని లేచింది. "ఒక్కసారే. మీ గోల భరించలేక," అంది. పళ్ళు బిగించి, చెమటలు కక్కుతూ, మధ్యలో రెండుసార్లు ఆగి, భోజనాల బల్ల చేరింది.

"పన్నెండు అడుగులు. యాభై ఎనిమిది సెకన్లు," అన్నాడు బాబాయి. కనీసం బాగుంది అని కూడా అనలేదు.

"యాభై ఎనిమిదా? ఈలోపు మీ సుల్తాను నిద్రపోతాడు! రేపు మళ్ళీ కొలవండి."

అలా మొదలైంది. రాయబారి సుల్తాను దగ్గరికి ఒక్కసారి వచ్చి పోతే సరిపోయేది, ఆవిడ ప్రతి మూడో అధ్యాయంలోనూ రావడం మొదలుపెట్టింది. ఒకసారి ఉత్తరం తెచ్చింది, ఒకసారి జవాబు అడగడానికి వచ్చింది, ఒకసారి పోయినసారి మర్చిపోయిన గొడుగు కోసం వచ్చింది. సింహాసనం భోజనాల బల్ల దగ్గర్నుంచి వంటింటికి, వంటింటి నుంచి పెరటి తలుపుకు, అక్కడి నుంచి వీధి గేటుకు మారింది. ఒక అధ్యాయంలో రాయబారి తన రాజదండాన్ని సుల్తానుకు కానుకగా ఇచ్చేసింది. ఆ రోజు నుంచి పిన్ని చేతిలో కర్ర లేదు.

వీధిలోకి అనేసరికి పిన్ని మొండికేసింది. "జనం చూస్తారండీ."

"చూడాలి మరి! రాయబారి ఊరేగింపు జనం చూడకపోతే ఎలా? ఎంతమంది చూశారో కూడా నేను లెక్క రాసుకోవాలి." తలకు తువ్వాలు, ఒక చేత్తో ఆవిడకు గొడుగు, ఇంకో చేతిలో గడియారం, చంకలో నోటుపుస్తకం. అలా వెనకాలే బయల్దేరాడు మా బాబాయి. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. నేను సిగ్గుతో లోపలికి పారిపోయాను.

ఏడాదిన్నరకు నవల పూర్తయింది. ఆరు వందల పేజీలు.

నేను ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దుతాను. మా సంపాదకుడి ఎర్రకలం తగలని పేజీ లేదు కాబట్టి ఆయన్ని చాటుగా ఎర్రసిరా అంటాం. బాబాయి నవల రాతప్రతి కట్ట ఆయన బల్లమీద పెట్టి, "మా బాబాయి కొలతల ఇన్‌స్పెక్టరండీ. అంగుళం కూడా తేడా ఉండదు," అని గొప్పలు పోయాను. నెల తర్వాత పిలిచాడు.

"నవల బాగుందమ్మాయ్. మూడుసార్లు నవ్వాను." ఏడేళ్ళ ఉద్యోగంలో ఆయన పళ్ళు నేను చూడలేదు. "కానీ ఈ దర్బారేంటి? రెండో అధ్యాయంలో రాయబారి పన్నెండు అడుగులు వేసేసరికి సింహాసనం వచ్చేసింది. ఐదులో పందొమ్మిది. ఎనిమిదిలో నలభై ఒకటి. పద్నాలుగులో నూట అరవై. ఇరవైలో ఆరు వందలు! అదే గుమ్మం, అదే సింహాసనం, అదే మనిషి. సుల్తాను రోజూ కుర్చీ వెనక్కి జరుపుకుంటున్నాడా?"

నాకు తల కొట్టేసినట్టయింది.

"అంగుళం కూడా తేడా ఉండదన్నావ్. శుక్రవారం లోపల ఏదో ఒక అంకె ఖాయం చేసి అంతటా దిద్దించుకురా. లేకపోతే కట్ట వాపసు తీసుకెళ్ళు."

పరుగెత్తుకుంటూ ఇంటికెళ్ళాను. బాబాయి తాపీగా విన్నాడు.

"ఏ అంకె తప్పంటాడు?"

"ఏదో ఒకటే ఒప్పు కావాలి కదా బాబాయ్. మిగతా నాలుగూ తప్పే."

"ఒక్కటీ తప్పు కాదు. అన్నీ కొలిచి రాసినవే."

"ఒకే దర్బారు కొలిస్తే ఇన్ని కొలతలెలా వస్తాయి?"

"వచ్చాయి మరి."

"పోనీ, ఆరు వందలు ఉంచుదాం. చిన్నవి తీసేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

"పన్నెండు తీసేస్తావా?" ఆయన గొంతు మారిపోయింది. "అన్నిట్లోకీ దూరం అదేనే పిచ్చిదానా. పుస్తకం రాకపోతే పీడాపోయింది. పన్నెండు మాత్రం తియ్యను."

ముప్ఫై మూడేళ్ళలో ఒక్క తప్పుడు కొలతను వదలని మనిషి! ఆయన లేచి, పక్కగది తలుపు దగ్గరగా వేసి, బీరువాలోంచి నోటుపుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. తేదీ, అడుగులు, సెకన్లు, పరిశీలన అని గళ్ళు గీసి ఉన్నాయి. ఆఫీసు అలవాటు.

మొదటి వరసలో ఇలా ఉంది: "పన్నెండు. రెండుసార్లు ఆగింది. నొప్పి. అయినా రేపు మళ్ళీ కొలవమంది."

కింద: "పదమూడు. తిట్టలేదు. నొప్పి ఎక్కువైంది కాబోలు. రేపు దూరం పెంచకూడదు."

"పందొమ్మిది. నన్ను తిట్టింది."

"నలభై ఒకటి. నన్నూ, సుల్తానునూ, వజీరునూ వేరువేరుగా తిట్టింది. చాలా సంతోషం."

"నూట అరవై. దండం లేదు. వీధిలో ముప్ఫై నలుగురు చూశారు. ముప్ఫై నలుగురూ నన్ను చూసే నవ్వారు."

ఆ వరస దగ్గర నా వేలు ఆగిపోయింది. నిజమే. తువ్వాలు తలపాగా, గొడుగూ, గడియారమూ! ఆయన్ని చూసి నవ్వడంలో పడి, పిన్నిని చూసి అయ్యో పాపం అనడానికి వీధిలో ఎవరికీ తీరిక దొరకలేదు.

"బాబాయ్... నవలంతా ఇందుకేనా?"

"తనకోసమైతే అది ఒక్క అడుగు వెయ్యదు. తెలివితక్కువవాడెవడో తప్పు చేస్తుంటే మాత్రం చూస్తూ ఊరుకోలేదు, లేచి దిద్దాల్సిందే. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను కదా. ఆ తెలివితక్కువవాడేదో నేనే అయ్యాను. దానికి చెప్పకు. తెలిస్తే రోషం వచ్చి ఆగిపోతుంది."

కళ్ళు తుడుచుకున్నాను. తుడుచుకుంటుంటే ఒకటి గుర్తొచ్చింది.

"మరి నన్నెందుకు తివాచీలో చుట్టావు?"

"ఆవిణ్ణొక్కదాన్నే కొలిస్తే అనుమానం రాదూ? అందుకని అందర్నీ కొలిచాను."

"ఇరవై రెండు నిమిషాలు, బాబాయ్!"

"మీ పిన్ని అనుమానం అంత గట్టిది మరి."

ఇక చేసేదేముంది? పన్నెండు తీయనని ఆయన, ఒకటే అంకె కావాలని ఎర్రసిరా, కారణం చెప్పకూడదని నామీద ఒట్టు. శుక్రవారం వచ్చింది. అంకె ఖాయం కాలేదు. నాలుగింటికి కట్ట వాపసు తీసుకోమన్నాడు ఎర్రసిరా. మూడున్నరకు ఆ కట్టకు తాడు కడుతూ కూర్చున్నాను.

అప్పుడు మెట్ల మీద ఈల వినిపించింది.

తలుపు తోసుకుని పిన్ని వచ్చింది. మెడలో ఈల. నడుము నిటారు. మొహమంతా చెమట. చేతిలో ఏమీ లేదు. మా ఇంటికీ మా ఆఫీసుకూ మధ్య ఆరు వీధులూ ఒక చౌరస్తా ఉన్నాయి, పైగా మెట్లు. నేను నిలబడిపోయాను. ఎందుకో తెలీదుగానీ ఎర్రసిరా కూడా లేచి నిలబడ్డాడు.

"మా ఆయన దర్బారు కొలత తప్పన్నది మీరేనా?"

"తప్పని కాదమ్మా... అంకెలు ఒకదానికొకటి పొసగడం లేదు..."

"ఎలా పొసుగుతాయి? ఆ దర్బారులో నడిచింది నేను. పన్నెండు అడుగులన్న రోజున పన్నెండే. పదమూడోది ఉందంటే నేను లేచేదాన్నే కాదు. అందులో ఒక్క అడుగు తగ్గించినా ఊరుకునేది లేదు."

"పిన్నీ! నీకు తెలుసా?"

"మొన్న మీరిద్దరూ గుసగుసలాడుకుంటుంటే పక్కగదిలోనే ఉన్నా. మీ వంశంలో ఎవరికీ గుసగుస రాదే. అయినా మొన్నటిదాకా ఎందుకు, ఒంటె మీంచి పడింది అన్నప్పుడే తెలుసు. బంగారు కాగితం చుట్టి సిద్ధంగా పెట్టుకున్నాడు మహానుభావుడు."

"మరి ఏడాదిన్నర తెలీనట్టు ఎందుకున్నావు?"

"తెలుసంటే కొలవడం ఆపేస్తాడు. అంతకుముందు ఎలా ఉండేవాడో చూశావుగా. కిటికీ ముందు కుర్చీ వేసుకుని... ఇప్పుడు పొద్దున లేస్తూనే గడియారం వెతుక్కుంటున్నాడు. పాపం, ఆయన కోసం నాలుగడుగులు వేస్తే నా సొమ్మేం పోయింది?"

ఎర్రసిరా, "అంతా బాగుందమ్మా. కానీ ఈ కథ తెలియని పాఠకుడికి ఏం చెప్పాలి?" అన్నాడు మెల్లగా.

"జిన్ను ఉన్నాడుగా? ఆరు వందల పేజీలు తిని కూర్చున్నాడు, వాడికి పని చెప్పండి. రాయబారి ఎంత నడవగలిగితే వాడు దర్బారుని అంత పొడుగు సాగదీస్తూ పోతాడు. ఆవిడ ఇంకా కాస్త నడవాలని వాడికి ఆశ. ఎవరికీ కనిపించకుండా వెనకాలే ఉంటాడు. ఎవరేమన్నా పడతాడు. చెప్పడు, పెద్ద ఘటం." ఈ మాటలంటూ పిన్ని గోడమీది క్యాలెండరు కేసి చూసింది.

తలుపవతల ఎవరో దగ్గారు.

"వచ్చారుగా, లోపలికి రండి. మెట్ల మీద నిలబడి ఆయాసపడకండి," అంది పిన్ని వెనక్కి తిరగకుండానే. "ఇదిగో సంపాదకుడుగారూ, ఆఖరి అధ్యాయానికి కొలత కూడా తెచ్చాను. రాయబారి సెలవు తీసుకుని వెళ్ళేటప్పటి దూరం. మా గుమ్మం నుంచి మీ బల్లదాకా పద్దెనిమిది వందల నలభై ఆరు."

"నలభై ఎనిమిది," అన్నాడు బాబాయి, లోపలికొస్తూ. తలకు తువ్వాలు అలాగే ఉంది. "చౌరస్తా దగ్గర బండి వస్తే రెండడుగులు వెనక్కేసి ఆగావు. అవి లెక్కెయ్యలేదు నువ్వు."

"వెనక్కేసినవి లెక్కేంటండీ?"

"అడుగు అడుగే. ఏ వైపేసినా."

"అంటే ఇంటి దగ్గర్నుంచీ నా వెనకే వస్తున్నారా? పడిపోతాననా?"

"పడతావని ఎవరన్నారు? నేను కొలవడానికొచ్చాను," అన్నాడు బాబాయి. ఇద్దరూ అక్కడే, మా ఆఫీసు మధ్యలో, ఆ రెండడుగుల మీద పావుగంట పోట్లాడుకున్నారు. ఎర్రసిరా కుర్చీలో కూర్చుని ఎర్రకలానికి మూత పెట్టేశాడు. నేను కట్టకు కట్టిన తాడు విప్పేశాను.

పుస్తకం వచ్చింది. ప్రూఫులు నేనే దిద్దాను. పన్నెండు, పందొమ్మిది, నలభై ఒకటి, నూట అరవై, ఆరు వందలు, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఆ సాగే దర్బారే పుస్తకానికి ప్రాణమని చదివినవాళ్ళంతా అంటున్నారు. ఎంత గొప్ప ఊహ అని మెచ్చుకుంటున్నారు. ఊహేంటి నా మొహం! ఆ కొలతలన్నీ ముద్ర వేసినవి, మా ఇంట్లో పుట్టినవి, ఆ మాట ఎక్కడ చెప్పమన్నా ఛాతీ విరుచుకుని చెప్తాను. బాబాయికి మాత్రం ఒకటే బెంగ. పుస్తకం బరువు అట్టమీద వేయలేదని.

మొన్న ఆయన లేనప్పుడు బీరువా తీసి ఆ నోటుపుస్తకంలో ఆఖరి పేజీ చూశాను. శుక్రవారం తేదీ వేసి ఇలా రాసి ఉంది:

"పద్దెనిమిది వందల నలభై ఎనిమిది. ఎక్కడా కూర్చోలేదు. వెళ్ళేటప్పుడు సంపాదకుణ్ణి తిట్టింది, వచ్చేటప్పుడు నన్ను. పూర్తి ఆరోగ్యం. తనిఖీ ముగిసింది."

దాని కింద పిన్ని అక్షరాలు: "ఎవరు ముగించమన్నారు? రేపు పొద్దున ఆరింటికి. గొడుగు మర్చిపోకండి."